నమూనా పెట్టె

ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, చేతిరాతను అచ్చుగా మార్చే సాఫ్ట్‌వేర్ తయారు కాకముందే దాని పెట్టె ముస్తాబైంది. చేతికి బరువు తగలాలని డిజైనరమ్మ లోపల ఒక పాత పలక పెట్టి మూసేసింది. మూత మీద గీసిన కంప్యూటర్ తెర బొమ్మలో, పైన తన చేత్తో ‘నమస్తే’ అని రాసింది. కింద అచ్చు ముక్క రేపు అతికించాలి.

ఆఫీసు ఖాళీ అయ్యాక లైటు ఆర్పబోతూ చూసింది. కింద ‘నమస్తే’ అని అచ్చులో ఉంది.

అంతలో అక్క ఫోను. “ఇంకా ఎంతసేపే?”

“ఒక్కటి చూసి వచ్చేస్తానక్కా.”

పైన ‘నమస్తే’ పక్కన ‘ఎవరు’ అని రాసింది. పెట్టె లోపల, పలక మీద బలపం గీసినట్టు చప్పుడు. కింద ‘ఎవరు’ అని పడింది.

భయం కన్నా కుతూహలమే ఎక్కువైంది. ఇంకేం రాద్దామా అని ఆలోచిస్తుంటే లోపల ఆ చప్పుడు ముందే మొదలైంది. కింద అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి: ‘అక్కా, నేను రాను.’

పైన ‘ఎవరు’ తర్వాత ఆ మాటలు రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. పెన్ను పట్టిన తన చేయి, తను కదపకుండానే, మెల్లగా అక్కడికి దిగుతోంది.