చీటీలో లేని వరస

తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక పెద్దాయన, భుజాన గుడ్డసంచీతో నిలబడి ఉన్నాడు.

"వచ్చారా! పొద్దుటినుంచీ మీకోసమే ఎదురుచూస్తున్నా. వంటింటి అల్మారా తలుపు ఊడి వేలాడుతోంది, రండి" అంది కొత్తకోడలు.

వడ్రంగి వస్తాడని అత్తగారు చెప్పి బజారుకు వెళ్లింది మరి.

ఆయన ఏదో చెప్పబోయి మానేశాడు. చెప్పులు విడిచి ఆమె వెనకే నడిచాడు.

"అమ్మాయ్, స్క్రూడ్రైవర్ ఉందా?"

పనిముట్లు లేని వడ్రంగిని చూడటం ఆమెకు అదే మొదలు. సొరుగులన్నీ గాలించి తెచ్చి ఇచ్చింది.

ఆయనతో తగువు పెట్టుకునే తీరిక ఆమెకు లేదు. సాయంత్రం మొగుడి వైపు చుట్టాలంతా ఆమెను చూడటానికి వస్తున్నారు. ఎవరెవరో ఏమిటో మొగుడు చీటీ మీద రాసిచ్చి, ఒక్క వరస తప్పినా ఏడాదిపాటు చెప్పుకుని నవ్వుతారని భయపెట్టి మరీ ఆఫీసుకు వెళ్లాడు.

ఆమె పొయ్యి దగ్గర నిలబడి పరీక్షకు చదివినట్టు చదవసాగింది.

"జరీ చీర, కళ్లజోడు, పెద్దత్తయ్య. ఆవిడ భర్త పెద్దమావయ్య. బట్టతల, బాబాయి. ఆయన భార్య పిన్ని..."

అల్మారా కింద నుంచి నవ్వు వినిపించింది.

"అలాగే పిలిచావంటే పప్పులో కాలేసినట్టే!"

"ఏం?"

"వాడు రాసిచ్చింది వాడి వరసలమ్మా. వాడికి అత్తయితే నీకు పెద్దమ్మ. వాడికి మావయ్యయితే నీకు పెదనాన్న. వాడి బాబాయి నీకు చినమావయ్య, పిన్నేమో అత్తయ్య."

ఆమె చీటీని మళ్లీ పైనుంచి కిందదాకా చూసుకుంది. తన మొగుణ్ణి వాడూ వీడూ అంటున్నాడేమిటని అడగడం కూడా మరిచిపోయింది.

"అయ్యబాబోయ్! మొత్తం చీటీ తల్లకిందులేనా?"

"పెన్ను తీసుకో. చెబుతా, రాసుకో."

ఆయన స్క్రూలు బిగిస్తూ చెబుతుంటే ఆమె రాసుకుంది. చినమావయ్య జోకులకు అందరికంటే ముందు నవ్వాలట. పెదనాన్నకు కుడిచెవి వినపడదు కాబట్టి ఎడమ వైపు నిలబడి పిలవాలట.

"పెద్దమ్మని మాత్రం పెద్దమ్మా అనకు, ముసలిదాన్ని చేశావంటుంది. అమ్మక్కా అను. కరిగిపోతుంది."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"తలుపులు బిగించేవాడికి ఇంటి గుట్లన్నీ తెలుస్తాయిలే. మీ ఆయన ఎప్పుడొస్తాడు?"

"ఐదింటికి."

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. "అయితే నేను నాలుక్కే వెళ్లాలి."

ఇంకెక్కడో పని ఒప్పుకున్నాడు కాబోలు అనుకుంది.

అల్మారా తలుపు చక్కగా పడింది. ఆమె చీటీ చూడకుండా గడగడా అప్పజెప్పింది. ఒక్క తప్పూ రాలేదు.

"నా పరువు నిలబెట్టారు! మీకేం ఇవ్వాలో చెప్పండి."

ఆయన స్క్రూడ్రైవర్ తుడిచి పక్కన పెట్టాడు.

"నన్నూ ఏదో ఒక వరస పెట్టి పిలు."

"ఓస్, అంతేనా! ఏం కావాలో కోరుకోండి. బాబాయా? పెదనాన్నా? చినమావయ్యా?"

"చినా పెదా వద్దులే. ఉట్టి మావయ్య చాలు."

"అది మా మామగారొక్కరిదే కదండీ!"

"ఒక్కసారి అను. ఆయనేమీ అనుకోడు, నాదీ పూచీ."

ఆమెకు నవ్వొచ్చింది. "సరే, కాఫీ తాగి వెళ్లండి మావయ్యా."

ఆయన స్టూలు మీద కూర్చుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని, చివరి చుక్క దాకా తాగాడు.

"బాగుందా మావయ్యా?"

"ఇంత కమ్మటి కాఫీ నా జన్మలో తాగలేదు."

ఆయన వెళ్లాక తన గ్లాసు నోట పెట్టుకుంటే తెలిసింది, పంచదార వేయనేలేదు.

సాయంత్రం ఇల్లంతా సందడి. కొత్తకోడలు ఒక్కొక్కరినీ వరసపెట్టి పలకరిస్తుంటే చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. చినమావయ్య తన జోకుకు నవ్విన కోడలే కోడలని తేల్చేశాడు. మొగుడు మాత్రం చీటీ ఘనత తనదేనన్నట్టు తిరుగుతున్నాడు.

పెద్దమ్మ మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చింది.

"మీరు కూర్చోండి అమ్మక్కా, నేనిస్తా."

పెద్దమ్మ చేతిలోని చెంబు జారి కింద పడింది.

"ఆ పిలుపు నీకెవరు చెప్పారే?"

"అల్మారా బాగుచేసిన వడ్రంగి, మధ్యాహ్నం వచ్చాడు. తప్పా?"

"నన్నలా పిలిచేవాడు ఒక్కడే. అమ్మ పోతే నేను పెంచిన మా ఆఖరి తమ్ముడు. ఎలా ఉన్నాడు? చిక్కిపోయాడా?"

"లేదండీ, బాగున్నారు. నవ్వుతూనే ఉన్నారు."

"వాణ్ణి నువ్వేమని పిలిచావు?"

"ఉట్టి మావయ్యా అనమన్నారు. అన్నాను. రెండుసార్లు."

పెద్దమ్మ కళ్లనీళ్లతోనే నవ్వింది. కోడలి తల నిమిరింది.

"చాలమ్మా. కడుపు నిండి వెళ్లుంటాడు."

హాల్లోంచి మొగుడి నవ్వు వినిపిస్తోంది. పెద్దమ్మ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"పిల్లల్లేని అన్నావదినల ఒళ్లో పొత్తిళ్లలోని కొడుకుని పెట్టి, వాడి నోట అమ్మా నాన్నా అన్న పిలుపు వాళ్లకే దక్కాలని ఊరొదిలి వెళ్లిపోయాడు తల్లీ, ఆ కొడుకే నీ మొగుడు."