వెనక సీటు

"ఇండికేటర్ ఏసినావా? ముందు అది చెప్పు," అంటూ పావని రోడ్డు మీద నుంచి లేచింది.

ఆత్మకూరు బస్టాండు సెంటర్లో ఆమె బండికి అడ్డంగా ఒక కారు ఆగి ఉంది. బండిని దాటీ దాటకముందే ఆ కారు ఎడమకి తిరిగింది. గుద్దుకోకుండా పావని బ్రేకు కొట్టింది గానీ బండి జారిపోయింది. చుడీదారు ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి రక్తం కారుతోంది. వెనక కట్టుకున్న చేపల బాక్సు పగిలి, సోమశిల నుంచి తెచ్చిన చేపలన్నీ తారు మీద పడ్డాయి.

కారు నడుపుతున్న కోటేశ్వర్ దిగాడు. తన తలుపు మీద గీత పడిందేమోనని తడిమి చూసుకుని, ఆ తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"ఏందమ్మే, తోలడం రాకుండా రోడ్డెక్కేది, కారోళ్ళ మీద పడేది."

"రాకుండానే రోజూ సోమశిల పోయొస్తన్నానా? నన్ను దాటుకోని వచ్చి నా ముందరే తిప్పినావు. 'తప్పు నాదే' అని నీ నోటితో ఒక్క మాట అను. చేపలు పోతే పోయినాయి, నా దోవన నేను పోతా."

"నేను? నీతో అనాల్నా?" కోటేశ్వర్ నవ్వాడు.

ఆ నవ్వుకి పావనికి ఒళ్ళు మండిపోయింది. కుంటుకుంటూ వెళ్ళి కారు ముందర నిలబడింది.

"ఆ మాట అనిందాకా ఈ కారు కదలదు."

వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి. టీ కొట్టు చెంచయ్య చేపలు ఏరి గిన్నెలో వేస్తూ, "పోనీలే పావనీ, పెద్దోళ్ళతో మనకెందుకు," అన్నాడు.

"నువ్వూరుకో చిన్నాయనా. ఈ పొద్దు తేలాల్సిందే."

"పద స్టేషన్‌కి. ఆడే తేల్చుకుందాం," అన్నాడు కోటేశ్వర్.

"కారెక్కితే నువ్వు అట్నుంచటే నెల్లూరు పోతావు. నా బండెక్కు."

చుట్టూ మూగిన జనం నవ్వారు. కోటేశ్వర్‌కి పౌరుషం వచ్చింది. కారులో ఉన్న భార్య రేణుకాదేవి చేతిలో తాళం పెట్టి, చేపల నీళ్ళతో తడిసిన సీటు మీద తెల్లప్యాంటుతోనే కూర్చున్నాడు.

పావని పళ్ళు బిగబట్టి బండి తీసింది. కోపమంతా మనసులోనే ఉంది, చేతుల్లోకి రానివ్వలేదు. ఆగి ఉన్న కార్ల తలుపు తెరిచినా తగలనంత ఎడంగా, ముందున్న ఆటోకి దూరంగా పోతోంది. ఆ కాస్త సందులోకి ఒక కారు దూరింది. బండి ఊగింది. కోటేశ్వర్ మోకాళ్ళు లోపలికి ముడుచుకున్నాడు. ఇంకో కారు అద్దం అతని మోచేతిని రాసుకుంటూ పోయింది.

"ఏందిది? మనిషి కనపడ్డంలా వాళ్ళకి?"

"కనపడతాడు. బండోడే గదా అనుకుంటారు," అంది పావని తల తిప్పకుండా.

"మెల్లగా పోమ్మా," అన్నాడతను. రెండు చేతులతో వెనక కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు.

స్టేషన్ దగ్గరకొచ్చిందనగా వెనక నుంచి హారన్ చెవులు పగిలేలా మోగింది. పావని పక్కకి తీసేలోపే ఒక కారు వాళ్ళని రోడ్డు దించేసింది. కంకరలో జారుతున్న బండిని ఆమె కాళ్ళు ఆనించి నిలబెట్టింది. కోటేశ్వర్ మాత్రం ఎగిరి కింద పడ్డాడు.

లేచి, దుమ్ములో ముందరెక్కడో ఆగిన కారు మీదికి కేకలేసుకుంటూ పరిగెత్తాడు. అరచేత్తో అద్దం మీద దబదబా బాదాడు.

"కళ్ళు నెత్తికెక్కినాయా? బండి మీదున్నోళ్ళు మనుషులు కాదా? నీకు కారు నేర్పిన ఎదవ ఎవుడు?"

అద్దం మెల్లగా కిందికి దిగింది. స్టీరింగ్ వదలకుండా రేణుకాదేవి అతని మొహంలోకి చూసింది.

"మీరే గదా. హారన్ కొడితే బండోళ్ళే తప్పుకుంటారని చెప్పినారు."