గోడకి దూరంగా

“కాలు జారిన మనిషి గోడ పక్కనే పడాలి. మీ మామగారు అంత దూరంలో ఎలా పడ్డారు?”

డిటెక్టివ్ స్మృతి ప్రశ్న విని ఫణికుమార్ రెయిలింగ్ దగ్గరికి వచ్చాడు. మూడో అంతస్తు బాల్కనీలోంచి కిందికి చూశాడు. పచ్చిక మీద పోలీసులు పాతిన పసుపు జెండా కనిపిస్తోంది. గోడకీ దానికీ మధ్య ఓ కారు పట్టేంత జాగా ఉంది.

“ఆయన కొంచెం హెవీ కదండీ. ఆ బరువుకి అలా దూరంగా వెళ్లి పడుంటారు.”

“బరువుకీ దూరానికీ కనెక్షన్ లేదు. గ్రావిటీ ఎవర్నైనా స్ట్రెయిట్‌గా కిందికే లాగుతుంది.”

“మరి గాలి...?”

“గాలికి కొట్టుకుపోవడానికి ఆయనేమైనా పేపరా?”

ఫణికుమార్ నుదురు తుడుచుకున్నాడు. నవంబరు నెల. చెమట పట్టే వాతావరణం కాదు.

స్మృతి పుట్టి పెరిగింది న్యూజెర్సీలోనే. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడే తెలుగు ఉద్యోగంలో పనికొస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో ఏ తెలుగింట్లో ఏం జరిగినా స్టేషన్‌లో అందరూ ఆమె వైపే చూస్తారు.

ఇది మొదట కేసులా అనిపించలేదు. కాకినాడ నుంచి కూతురి దగ్గరికి వచ్చిన విశ్వనాథం అనే పెద్దాయన, నిన్న పొద్దున మొక్కలకి నీళ్లు పోస్తూ బాల్కనీలోంచి పడిపోయాడు. కూతురూ అల్లుడూ చెప్పింది అదే. ఆస్పత్రిలో ఆయన చెప్పిందీ అదే. ముగ్గురూ ఒకే మాట, పొల్లుపోకుండా. అక్కడే స్మృతికి మొదటి అనుమానం వచ్చింది.

రెండోది, బాల్కనీ తలుపు మీద తళతళలాడుతున్న కొత్త గొళ్లెం. చెయ్యెత్తితే గానీ అందనంత పైన ఉంది.

“ఇది ఎప్పుడు ఫిక్స్ చేశారు?”

“నిన్నే... మధ్యాహ్నం.”

“మీ మామగారు ఎమర్జెన్సీలో ఉంటే, మీరు హార్డ్‌వేర్ షాప్‌కి వెళ్లారా?”

ఫణికుమార్ చూపు సోఫా వైపు మళ్లింది.

అతని భార్య విజయశ్రీ సోఫాలో ఓ మూలకి ఒదిగి కూర్చుంది. ఒళ్లో రెండేళ్ల కూతురు ఇషిత. దిగుతానని పిల్ల గింజుకుంటున్నా వదలడం లేదు. ఎదురు బిల్డింగ్‌లో ఉండే ఆవిడ చెప్పిన మాటలు స్మృతికి గుర్తొచ్చాయి. పెద్దాయన పచ్చిక మీద పడి మూలుగుతున్నాడట. ఈ అమ్మాయి పరిగెత్తుకొచ్చి ఆయన మీదికి వంగిందట. అంతలోనే ఒంటికి శాలువా బిగించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పరుగు తీసిందట.

“మీ ఫాదర్‌ని అలా వదిలేసి ఎందుకు వెళ్లిపోయారు?”

విజయశ్రీ పిల్లని ఇంకా దగ్గరికి లాక్కుంది. “నాకేం తోచలేదండీ,” అంది. ఆ తర్వాత ఎన్ని అడిగినా అదే మాట.

ఆస్పత్రిలో నర్సు పెద్దాయన వస్తువులున్న కవరు చూపించింది. కళ్లజోడు, మంకీ క్యాప్, వాకింగ్ షూస్.

స్మృతి చూపు షూస్ మీద ఆగింది. వాళ్లింట్లో చెప్పులతో లోపలికొస్తే అమ్మ ఊరుకోదు. ఏ తెలుగింట్లో అయినా అంతే. షూస్ వేసుకుని మొక్కలకి నీళ్లెవరు పోస్తారు? బయటికి వెళ్లబోతున్న మనిషిని ఎవరో ఆపారు. బాల్కనీలోకి లాక్కెళ్లారు. తోసేశారు. అందుకే అంత దూరంలో పడ్డాడు.

ఆమె గదిలోకి వెళ్లింది. విశ్వనాథం రెండు చేతులకీ కట్లున్నాయి. ఒక భుజం చుట్టూ పెద్ద పట్టీ ఉంది.

“అంకుల్, మీరు స్లిప్ అవ్వలేదు. మిమ్మల్ని తోశారు. మీ అల్లుడే కదా?”

“కాలు జారిందమ్మా.”

“జారితే గోడ పక్కనే పడతారు.”

ఆయన చిన్నగా నవ్వాడు. “లెక్క బాగానే వేశావు. నేనూ కాలేజీలో ఫిజిక్సే చెప్పేవాణ్ణి.”

“అయితే మీకే బాగా తెలియాలి. ఇవాళ మీ అల్లుణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను.”

నవ్వు మాయమైంది.

“అతన్ని తీసుకెళ్తే... మరి పాపని?”

“ఆ ఇంట్లో పాప సేఫ్ కాదు అనుకుంటే, పాపని కూడా చైల్డ్ వెల్ఫేర్ వాళ్లు తీసుకెళ్లి వేరేచోట ఉంచుతారు. అది నా చేతిలో లేదు.”

విశ్వనాథం కళ్లు మూసుకున్నాడు. తెరిచాక, క్లాసులో పిల్లని లేపి అడిగినట్టు అడిగాడు.

“ఒకే ఎత్తు నుంచి బరువైనదీ తేలికైనదీ పడితే ఏది ముందు కింద పడుతుంది?”

స్మృతికి విసుగొచ్చింది. అయినా చెప్పింది. “గాలి ఆపకపోతే రెండూ ఒకేసారి.”

“మరి తగిలే దెబ్బ?”

“బరువైనదానికే ఎక్కువ.”

“నేను ఎనభై కిలోలుంటాను. మూడో అంతస్తు. కాళ్లకి గీత పడలేదు. నడుం బాగానే ఉంది, తల బాగానే ఉంది. విరిగినవి చేతులే. ఇంతమందిని అనుమానించావు, దీన్ని అనుమానించలేదేమ్మా?”

స్మృతికి అప్పుడు నిజంగానే అనుమానం వచ్చింది. అల్లుణ్ణి కాపాడటానికి ఈయన ఇంకో కథ అల్లుతున్నాడని.

“ఏం చెప్పాలనుకుంటున్నారు, అంకుల్?”

కట్లు కట్టిన చేతులు దుప్పటి మీద కొద్దిగా కదిలాయి.

“బాల్కనీలోంచి పడింది ఎనభై కిలోల నేను కాదమ్మా, పన్నెండు కిలోల మా ఇషిత... నేను వాకింగ్ నుంచి వస్తూ కింద చేతులు చాచాను, పట్టుకున్న విసురుకి వెనక్కి దొర్లానంతే.”