మధ్యలో ఆగే పాట

"ఆగండి సైమి గారూ! అవి మీ అమ్మగారు రాసిన పియానో పాటలు!"

ఆవిరి స్నానాల గదిలో పొయ్యి ముందు కూర్చున్న ముసలావిడ చేతిలోంచి, పియానో వాయించే విర్పి కాగితాలు లాక్కుంది. పైదాని అంచు అప్పటికే కాలింది.

"తెలుసు. బర్చ్ చెట్టు బెరడుకన్నా తొందరగా అంటుకుంటాయి."

"వీటికోసం ఫిన్‌లాండ్ అంతా గాలించాను. ఒక్కటి వాయిస్తాను, వినండి. తర్వాత మీ ఇష్టం."

"కానియ్ మరి. యుహన్నుస్ పండగపూట నా స్నానం ఆలస్యం కాకూడదు."

సైమి అగ్గిపెట్టె గుప్పిట్లో పట్టుకునే ఇంట్లోకి వచ్చింది.

విర్పి పియానో ముందు కూర్చుని మొదలుపెట్టింది. పాట ఊపందుకుంటుండగానే ఆగాల్సి వచ్చింది. కాగితం మీద అక్కడ స్వరాలు లేవు.

"ఇదే చిక్కు. ప్రతి పాటా ఇలా మధ్యలో ఊరికే ఆగిపోతుంది. ఆవిడకి రాయడం చేతకాదని అప్పట్లో అందరూ పక్కన పడేశారు. కచేరీలో ఈ ఖాళీలు తీసేద్దామనుకుంటున్నా."

సైమి వెళ్లి గది తలుపు మీద చెయ్యి వేసింది.

"పియానో ముందు కూర్చుంటే అమ్మ ఈ తలుపు వేసేసుకునేది. నేను బయట కూర్చుని ఏడ్చేదాన్ని. ఒక్కనాడూ తియ్యలేదు. నా ఏడుపు ఆవిడ చెవిన పడనేలేదనుకున్నా, ఇన్నేళ్లూ."

విర్పి చేతులు మీటల మీదే ఉండిపోయాయి.

"మళ్లీ మొదట్నుంచి వాయించు పిల్లా."

అగ్గిపెట్టె పియానో మీద పెట్టేసి, సైమి తలుపు పక్కనే నేల మీద చతికిలబడింది.

"ఆ ఖాళీ దగ్గర మాత్రం తొందరపడకు. నేను చాలాసేపు ఏడ్చేదాన్ని."