రాసినవాడు నోరెత్తకూడదు

"ఇంకో ఐదు శనివారాలు చూస్తాం. అప్పటికి పదిమంది లేకపోతే ఈ గది కరాటే క్లాసుకి ఇచ్చేస్తాం," అంది లైబ్రేరియన్.

ఫొటో స్టూడియో ఓనరు గుండె గుభేలుమంది. రచయితల సమీక్షా బృందానికి ఆయనే కార్యదర్శి. పదేళ్లు కష్టపడి పోగేస్తే తనతో కలిపి ఐదుగురయ్యారు. వాళ్లలో ఒకాయన ఫ్యాను కోసం వస్తాడు.

వెంటనే పోస్టరు వేయించాడు. "మీలో రచయిత ఉన్నాడా? బయటికి లాగండి!" అని ఎర్రటి అక్షరాలు. కనబడ్డ ప్రతి గోడకీ అంటించాడు, పళ్ల డాక్టరు గోడతో సహా.

ఆ శనివారమే ఆరో సభ్యుడు దొరికాడు. రిటైరైన ప్రిన్సిపాల్. చంకలో నూట నలభై పేజీల ఆత్మకథ. మెట్ల మీద మొదలుపెట్టిన మాట కుర్చీలో కూర్చున్నా ఆగలేదు. మధ్యలో ఊపిరెప్పుడు పీలుస్తున్నాడో ఎవరికీ అంతుపట్టలేదు.

కార్యదర్శి గోడ మీది రూల్స్ చూపించాడు. ఇక్కడ సార్లూ మేడమ్‌లూ, పిన్నులూ బాబాయిలూ లేరు, అందరూ రచయితగార్లే. చదవడం అయ్యాక పదిహేను నిమిషాలు మిగతావాళ్లు మాట్లాడతారు. అంతసేపూ రాసినవాడు నోరెత్తకూడదు. గంట మోగాక "ధన్యవాదాలు" అనాలి, అంతే.

గంటంటే స్టూడియో చీకటిగదిలో ఫొటోలు కడిగే రోజుల్లో వాడిన టైమరు. తిప్పితే టిక్కుటిక్కుమంటూ ప్రాణం తీస్తుంది.

"శభాష్! క్రమశిక్షణంటే ఇదీ! ఈ రూలు తప్పిన రోజున మళ్లీ పెన్ను పట్టను," అన్నాడు ప్రిన్సిపాల్.

మరుసటి శనివారం వస్తూనే, "మీ రూలు గురించి మా ఇంట్లో రెండు గంటలు చెప్పాను. చెవులప్పగించి విన్నారనుకోండి," అన్నాడు.

ఆరోజు మొదటి అధ్యాయం చదివాడు. కార్యదర్శి టైమరు తిప్పాడు. అప్పుడే గుమ్మంలోంచి ఓ గొంతు వినిపించింది.

"నేనూ చేరొచ్చాండీ? ఇక్కడ నిలబడి అంతా విన్నాను."

మందుల షాపతను. ప్రిన్సిపాల్ నోరు తెరిచాడు. కార్యదర్శి గోడ వైపు వేలు చూపించాడు. నోరు మూతపడింది.

"రచయితగారూ, కొడుకు టెన్తు తప్పాడని రాశారు. నమ్మబుద్ధి కాలేదు. తప్పితే ఒక్క లెక్కల్లో తప్పుంటాడు. అదీ రెండు మార్కుల్లో," అన్నాడు మందుల షాపతను.

కార్యదర్శి పొంగిపోయాడు. ఇంత లోతుగా పట్టించుకునే పాఠకుడు పదేళ్లలో దొరకలేదు మరి.

తర్వాతి వారం పళ్ల డాక్టరు చేరింది. పోస్టరు మహిమేనని కార్యదర్శి కాలరెగరేశాడు. ఆవిడ ప్రిన్సిపాల్ రెండో అధ్యాయం విని పెదవి విరిచింది.

"కూతురికి సైకిలు తనే నేర్పానంటారు ఈ రచయితగారు. ఆ పేరాలో ఆయన ఎంత గట్టిగా అరిచాడో ఉంది గానీ, సైకిలు ఎక్కడ పట్టుకున్నాడో లేదు. పక్కింటివాళ్లెవరో నేర్పుంటారు."

ఆ పై వారం ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చాడు.

"బావమరిది మరీ వెర్రిబాగులవాడిలా ఉన్నాడండీ. పెళ్లిలో చెప్పులు పోగొట్టుకున్న సంగతి మూడుసార్లు చెప్పాలా? రెండు కొట్టేయండి."

మిగతావాళ్ల కథలకి ముగ్గురూ "బాగుందండీ" అని ఊరుకునేవారు. తమని తిట్టేవాళ్లే లేకపోయారని పాత సభ్యులు అలిగారు.

లెక్క తొమ్మిదికొచ్చింది. కానీ ప్రిన్సిపాల్ వారవారానికీ చిక్కిపోతున్నాడు. మెట్ల మీద మాటలు మానేశాడు. ఈయన కాస్తా మానేస్తే గది గల్లంతే. కార్యదర్శి ఏజెంటుని పక్కకి పిలిచాడు.

"పెద్దాయన కదండీ, కాస్త మెత్తగా అనండి."

"మెత్తగానే అంటున్నామండీ," అన్నాడు ఏజెంటు.

ఐదో శనివారం పదో సభ్యురాలు వచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. ఫారం నింపి చివరి కుర్చీలో కూర్చుంది. ఆరోజెందుకో ప్రిన్సిపాల్ పేజీలు తారుమారు చేసుకున్నాడు. అధ్యాయాన్ని గడగడా చదివి పడేశాడు.

టైమరు తిరిగింది.

"రచయితగారూ," అంది ఆవిడ, బల్ల మీది ఆత్మకథ కట్ట తిరగేస్తూ. మాట్లాడే అలవాటు లేని గొంతు. "ఇన్ని పేజీల్లో భార్య నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ కాఫీ తెచ్చింది. ఒక్కసారైనా ఆవిడ చేత ఒక్క మాట అనిపించాల్సింది. ఏమంటుందో మీకు తెలీదు కాబోలు."

ఫ్యాను కోసం వచ్చే ఆయన కూడా నిటారుగా కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ పెదాలు కదిలాయి. కళ్లు గోడ మీది రూలు దగ్గర ఆగాయి. టైమరు టిక్కుటిక్కుమంటూనే ఉంది. ఆయన తల దించుకున్నాడు.

గంట మోగింది.

"ధన్యవాదాలు," అన్నాడు, పక్కవాళ్లకి కూడా వినపడనంత చిన్నగా.

కార్యదర్శి పది సంతకాలు పట్టుకుని లైబ్రేరియన్ దగ్గరికి పరుగెత్తాడు. గది దక్కింది. తిరిగొచ్చి చూస్తే అందరూ వెళ్లిపోయారు. బల్ల మీద టైమరు కూడా లేదు. టైమరు సంగతి తర్వాత, ముందు మనిషి దక్కాలి. ప్రిన్సిపాల్ మనసు విరిగి మానేస్తే మళ్లీ తొమ్మిదే. కాళ్లావేళ్లా పడైనా ఆపాలని రెండేసి మెట్లు దిగాడు.

కింద ప్రిన్సిపాల్ కారు కదలబోతోంది. వెనక సీట్లో మందుల షాపతను, పళ్ల డాక్టరు, ఏజెంటు ఇరుక్కుని కూర్చున్నారు, ముందు సీట్లో బట్టలు కుట్టే ఆవిడ, "ఏమండీ, ఇల్లు చేరడానికి పదిహేను నిమిషాలేగా," అంటూ ఒళ్లోని టైమరు తిప్పింది.