కూర్చుని తిట్టు

"నిలబడి తిట్టకు నాయనా. కూర్చుని తిట్టు."

రహమాన్ నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది.

కల్లంలో మిరపకాయలు ఏరుతున్న ఆడకూలీలందరూ తలలెత్తి చూశారు. ఎర్రకాయలో తెల్లటి తాలుకాయ కలిసిందని అప్పటిదాకా వాళ్ళ మీద విరుచుకుపడుతున్నాడు. మెడనరాలు తాళ్ళలా పొంగి ఉన్నాయి.

ఆ మాట అన్నది కొత్తగా వచ్చిన ముసలామె. పేరు సామ్రాజ్యం. వినుకొండ వైపు నుంచి మేస్త్రి జక్రయ్య తెచ్చిన కూలీల్లో ఒకతె. తను కూర్చున్న పీట తెచ్చి అతని కాళ్ళ దగ్గర వేసింది.

"కూర్చున్నాక ఎంతసేపైనా తిట్టు. మేమెక్కడికి పోతాం?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

సిగ్గేసి కూర్చున్నాడు రహమాన్. తీరా కూర్చున్నాక తిట్టు రాలేదు. పీట మీద కూర్చుని అరిస్తే పసిపిల్లాడు మారాం చేసినట్టుంటుందని అతనికే అనిపించింది.

"మంచినీళ్ళియ్యి," అన్నాడు.

రహమాన్ కోపం పర్చూరు చుట్టుపక్కల తెలియని వాళ్ళు లేరు. నిరుడు గుంటూరు మిరప యార్డులో, ట్రాక్టర్ల వరసలో ముందెవరని ఎవరితోనో గొంతు చించుకున్నాడు. వరస కదలగానే తన ట్రాక్టరు పోనిచ్చాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటికొచ్చేసరికి తల బద్దలయ్యే నొప్పి.

"మాత్ర నేనిస్తాను. కోపం నువ్వే మానాలి," అన్నాడు డాక్టరు బీపీ చూసి. "మెదడులో నరం చిట్లితే ఏ మాత్రా పనిచెయ్యదు."

భార్య సఫూరా ఎంత బతిమాలినా కోపం తగ్గలేదు.

ముసలామె మాత్రం పీట వదల్లేదు. కరెంటు పోతే పీట. కూలీలు ఆలస్యమైతే పీట. కల్లానికి తెచ్చిన కూరలో ఉప్పు చాల్లేదని సఫూరా మీద లేస్తే పీట. ఆ ఉప్పు తగ్గించమని సఫూరాకి చెప్పిందీ ఆమే.

"నా మీద నీకెందుకింత పట్టింపు?" అని ఒకసారి అడిగాడు.

"కోపం వచ్చినప్పుడు కాళ్ళు మడిస్తే సగం దిగుద్ది నాయనా. నాకు ఆలస్యంగా తెలిసింది."

ఆమె వచ్చిన నెలకి డాక్టరు మళ్ళీ బీపీ చూశాడు.

"బాగా దిగిందే. కొత్తగా ఏం వాడుతున్నావు?"

"పీట," అన్నాడు రహమాన్.

డాక్టరుకి అర్థం కాలేదు.

ఆ వారంలోనే అదను కాని వాన పడింది. పట్టాలు కప్పేలోపే సగం కాయ తడిసిపోయింది. తడిసిన కాయ నల్లబడుతుంది. ఏడాది కష్టం కళ్ళముందే నీళ్ళలో నానుతుంటే రహమాన్ ఊగిపోయాడు.

సామ్రాజ్యం తడుస్తూనే పీట తెచ్చింది.

దాన్ని కాలితో తన్నాడు. అది ఎగిరి ఆమె మోకాలి కింద తగిలింది.

"నువ్వెవరివే నాకు చెప్పడానికి? పోయి నీ కొడుక్కి చెప్పుకో."

ఆమె వంగి దెబ్బ తగిలినచోట తడుముకుంది.

"వాడికి చెప్పడానికి ఆ పూట నేను దగ్గర లేను నాయనా."

పీట తీసి గోడకి ఆనించింది. కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"జక్రయ్యతో కబురు చెయ్యండి," అంది సఫూరా.

"కూలిమనిషికి నేను కబురు చెయ్యాలా?"

అన్నాడే గానీ, కల్లానికి రాగానే అతని చూపు గోడ వైపే పోయేది.

పదోరోజు ఎవరివో మేకలు కల్లంలోకి జొరబడి కాయలు తొక్కాయి.

రహమాన్ నిలబడే తిట్టాడు. పీట గోడకే ఉంది. తెచ్చి వేసేవాళ్ళు లేరు. తిడుతూ తిడుతూ ఉండగానే మాట ముద్దగా మారింది. ఎర్రటి కాయల మీదికి కుడివైపుగా ఒరిగిపోయాడు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట దక్కలేదు.

నెల తర్వాత చూడ్డానికి జక్రయ్య వచ్చాడు. మంచంలో ఉన్న రహమాన్, కల్లం నుంచి ఇంటికి తెప్పించుకున్న పీటని ఎడమచేత్తో చూపించాడు. పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"ఆ ముసలామెని తీసుకురమ్మంటున్నారు," అంది సఫూరా. "ఆ రోజు కాలితో తన్నారు గదా. అదే మనసులో పెట్టుకుని కుమిలిపోతున్నారు."

జక్రయ్య తలదించుకున్నాడు.

"ఆమె లేచే స్థితిలో లేదమ్మా. ఈయన పడిపోయాడని తెలిసిన కాణ్ణించి అన్నం ముట్టట్లేదు. 'ఈ బిడ్డనన్నా కూర్చోబెట్టలేకపోయాను' అని ఒకటే ఏడుపు."

"మా మీద అంత ప్రేమ ఎందుకు జక్రయ్యా ఆమెకి?"

"నాకూ తెలీదమ్మా. నన్ను బతిమాలి మరీ మీ కల్లానికే వచ్చింది. శాపనార్థాలు పెట్టడానికేమోనని భయపడ్డాను నేను."

"శాపనార్థాలా? ఎందుకు?"

జక్రయ్య మంచం వైపు చూడలేకపోయాడు.

"నిరుడు గుంటూరు యార్డులో ఈయనతో గొడవపడి, ఈయన ట్రాక్టరు కదిలాక నిలబడ్డచోటే నరం చిట్లి ప్రాణం వదిలిన భావనారాయణకి తల్లి ఆమె."