తూనీగ దాటిన సముద్రం

తూనీగ ఏటా సముద్రం దాటి అవతలి కుంటల్లో గుడ్లు పెట్టేది. దారంతా గాలి వీపు మీద రెక్కలు చాపుకుని ఊరుకునేది. దిగగానే "ఏం రెక్కలివి నావి!" అని మురిసిపోయేది.

ఈ ఏడు ఇవతలి కుంటలు ఎండిపోయి బయల్దేరే వేళైనా గాలి రాలేదు.

"బద్ధకం పట్టింది దానికి!" అని తూనీగ మండిపడింది.

తాబేలమ్మ సముద్రంలోంచి తలెత్తింది. "బద్ధకం కాదే తల్లీ. ఇక్కడ నీళ్లు చల్లగా, అక్కడ వేడిగా ఉంటేనే గాలి అటు పరుగెత్తేది. ఇప్పుడు ఇక్కడా కాగిపోతుంటే దానికి ఊపెక్కడిది? అయినా వస్తోంది, చూడు!"

సన్నటి గాలి అలల మీద తడబడుతూ వచ్చి, ఎప్పటిలాగే తూనీగ రెక్కల కింద వీపు పెట్టింది.

తూనీగ మెల్లగా అంది: "మోయగలిగినంతే మొయ్యి గాలి తాతా. ఈసారి నేనూ రెక్కలాడిస్తాను."